గాలిని కొలిచిన ఇంజనీరు - గుస్తావ్ ఈఫిల్

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల ప్రజలకు గోదావరిని దాటడం నిత్యానుభవం. రామగుండం, మంచిర్యాల మధ్య రైలు వంతెనపై సాగేటప్పుడు అందరూ కింది ప్రవాహాన్నే చూస్తారు. వంతెనను పక్కనుండి నెట్టే గాలి మాత్రం ఎవరికీ కనిపించదు. కంటికి కనిపించని ఆ బలాన్ని కొలవడానికి జీవితపు చివరి దశాబ్దాలను వెచ్చించిన మహనీయుడు గుస్తావ్ ఈఫిల్.

ఈఫిల్ 1832 డిసెంబరు 15న ఫ్రాన్సు దేశంలోని డిజాన్ నగరంలో జన్మించాడు. పారిస్‌లో రసాయనశాస్త్రం ప్రధానంగా అభ్యసించి 1855లో పట్టభద్రుడయ్యాడు. అయితే ఉపాధి ఇనుప కట్టడాల రంగంలో లభించింది. పాతికేళ్ల ప్రాయంలోనే బోర్డో నగరంలో గారోన్ నదిపై రైలు వంతెన నిర్మాణ బాధ్యతను స్వీకరించాడు. 1877లో పోర్చుగల్‌లో డౌరో నదిపై 160 మీటర్ల ఇనుప కమానుతో వంతెన కట్టాడు. 1879లో స్కాట్లండులోని టే వంతెన పెనుగాలికి కూలి, రైలుతోసహా నీటిపాలైంది. గాలిని నిర్లక్ష్యం చేస్తే ఎంత ప్రమాదమో ఆ ఘటన లోకానికి తెలిపింది. ఈఫిల్ తన కట్టడాలను గాలి దూరిపోయేటట్లు జల్లెడవలె అల్లిన ఇనుప కమ్మీలతో నిర్మించాడు.

ఆయన సంస్థలోని ఇంజనీర్లు కోష్లాన్, నుగియేల ఆలోచన నుండి 300 మీటర్ల ఈఫిల్ టవర్ రూపొందింది. 1887లో ఆరంభమైన పని 1889 మార్చిలో ముగిసింది. గాలి ఒత్తిడిని లెక్కించియే దాని నాలుగు పాదాల వంపును నిర్ణయించారు. అది పారిస్ అందాన్ని చెరుపుతుందని కళాకారులు, రచయితలు నిరసించారు. పైగా దాని అనుమతి ఇరవై సంవత్సరాలకే పరిమితం.

కీర్తి శిఖరాన ఉన్న ఈఫిల్‌ను పనామా కాలువ వ్యవహారం కుంగదీసింది. కాలువ సంస్థ దివాలా తీయగా, నిర్మాణ గుత్తేదారుగా ఆయన కూడా నిందితుడయ్యాడు. 1893లో న్యాయస్థానం ఆయనకు రెండేళ్ల జైలుశిక్ష విధించింది. విచారణకు కాలపరిమితి దాటిందన్న కారణంతో పై న్యాయస్థానం దానిని రద్దుచేసింది. అరవయ్యేళ్ల ఈఫిల్ వ్యాపారం నుండి తప్పుకొన్నాడు.

అయినా ఆయన నిరాశకు లొంగలేదు. తన టవర్‌నే ప్రయోగశాలగా మలచుకొన్నాడు. 1903 నుండి రెండవ అంతస్తు మీదినుండి వివిధ ఆకారాల పలకలను తీగవెంట జారవిడిచి, వాటిపై గాలి నిరోధాన్ని కొలిచాడు. 1909లో టవర్ పాదాల చెంత గాలిసొరంగాన్ని నెలకొల్పాడు. అందులో వస్తువు కదలదు. దానిమీదుగా గాలి వీస్తుంది. 1912లో ఓతుయ్‌లో మరింత పెద్ద సొరంగం కట్టాడు. విమానపు రెక్కను కింది గాలి నెట్టేదానికన్నా పైభాగంలోని అల్పపీడనమే ఎక్కువగా పైకి లేపుతుందని ఆయన కొలతలు నిరూపించాయి. 1913లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ ఆయనకు లాంగ్లీ పతకాన్ని ప్రదానం చేసింది.

శాస్త్రపరిశోధనలకు, ముఖ్యంగా నిస్తంత్రి వార్తాప్రసారానికి ఉపకరించినందువల్ల టవర్ కూడా కూల్చివేత నుండి బయటపడింది. 1910 నుండి దాని గడువును మరో డెబ్బై సంవత్సరాలు పొడిగించారు.

1923 డిసెంబరు 27న, తొంభై ఒక్క సంవత్సరాల వయసులో ఈఫిల్ కన్నుమూశాడు. లోకం ఆయనను టవర్ పేరుతో స్మరిస్తుంది. అవమానం తరువాత, వార్ధక్యంలో, మళ్లీ విద్యార్థియై ఆయన ఆర్జించిన జ్ఞానం అంతకన్నా ఉన్నతమైన కట్టడం.