పల్నాటి యుద్ధం చెప్పిన దర్జీ

మాది దుర్గి. కాలేజీలో ఆ పేరు చెప్తే ఎక్కడది అంటారు. మాచర్ల దగ్గర అంటాను. మాచర్ల అనగానే అవతలివాడి మొహంలో ఒక చిన్న నవ్వు వస్తుంది. బాంబులు, వేటకొడవళ్లు, సినిమా డైలాగులు అన్నీ ఆ నవ్వులోనే ఉంటాయి. రాతిలోంచి దేవుడి బొమ్మలు చెక్కే ఊరు మాది అని నేను చెప్పేలోపు టాపిక్ మారిపోతుంది.

పోయిన సెమిస్టర్‌లో మన క్లబ్ వాళ్లు ఫెస్ట్‌కి పది నిమిషాల బుర్రకథ వేద్దాం అనుకున్నారు. కథ పల్నాటి యుద్ధం. పల్నాడు వాడివి కదా, నీకు వచ్చే ఉంటుంది అని నన్ను లాగారు. నాకు రాదు. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. తెలుగు అంటే పరీక్షకి ముందు రోజు రాత్రి తెరిచే పుస్తకం. ఇంటికి ఫోన్ చేసి తాతయ్యని అడిగితే ఆయన ఒకే ఒక్క పేరు చెప్పారు, నాజర్ అని. చిన్నప్పుడు పక్కింటి అరుగు మీద రేడియో చుట్టూ జనం చేరి ఆయన కథ వినేవాళ్లట. బ్యాటరీ అయిపోతుందేమో అన్న భయం ఒకటి, కథ అయిపోతుందేమో అన్న భయం ఇంకొకటి. ఆ తర్వాత నేను వెతుక్కుంటూ పోతే దొరికిన మనిషి గురించే ఈ వ్యాసం.

షేక్ నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. తాడికొండ పక్క ఊరు అది, ఇప్పుడు రాజధాని ప్రాంతం అంటున్నామే, దానికి దగ్గర్లోనే. వాళ్లది దూదేకుల కుటుంబం. దూదిని ఏకి పరుపులు, బొంతలు కుట్టడం ఆ కులం వృత్తి. చాలా ఊళ్లలో పెళ్లికీ గుడికీ సన్నాయి ఊదేదీ వాళ్లే. మతం ఇస్లాం, ఇంట్లో మాట తెలుగు. వాళ్లనే పింజారీలని కూడా అంటారు. మన దగ్గర ఆ మాటని తిట్టుగా వాడటం మీరూ వినే ఉంటారు. నాజర్ గారు పెద్దయ్యాక తన జీవితాన్ని అంగడాల వెంకటరమణమూర్తి గారికి చెప్పి రాయించుకున్నారు. ఆ పుస్తకానికి పెట్టిన పేరు 'పింజారి'. పద్మశ్రీ, బుర్రకథ పితామహుడు, ఇన్ని బిరుదులుండగా అట్ట మీదకి ఎక్కింది ఆ మాట. నేను మాచర్ల పేరు చెప్పడానికి తటపటాయించిన రోజులు గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది.

చిన్నప్పుడే ఆయనకి గొంతు ఉందని ఊరు కనిపెట్టింది. పద్యనాటకాల్లో వేషాలు కట్టారు. ఆ కాలపు నాటకం రాత్రి మొదలైతే తెల్లవారే దాకా సాగేది. మైకు లేదు. పద్యం చివరి వరసలో కూర్చున్నవాడికీ వినపడాలి, రాగమూ చెడకూడదు. ఇలాంటి గొంతు ఊరికే రాదు కాబట్టి నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారు. ఒక దూదేకుల పిల్లవాడు, డబ్బు లేకుండా, పరాయి ఊళ్లో ఉండి కర్ణాటక సంగీతం నేర్చుకోవడం. ఒక్క వాక్యంలో రాసేశాను గానీ ఆ రోజులు ఎలా గడిచి ఉంటాయో నాకు ఊహకి అందదు. హాస్టల్ మెస్ బాగాలేదని నేను ఇంటికి పెట్టే మెసేజ్‌లు చూస్తే ఆయన నవ్వుకునేవారేమో.

సంగీతం వచ్చింది గానీ తిండి రాలేదు. కుట్టుమిషను ముందు కూర్చున్నారు. పగలు దర్జీ, సందు దొరికితే నాటకం.

దేశంలో అప్పుడు యుద్ధకాలం. 1943లో బెంగాల్‌లో కరువు వచ్చి లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాదే బొంబాయిలో ఇండియన్ పీపుల్స్ థియేటర్ అసోసియేషన్ మొదలైంది. దానికి తెలుగు రూపమే ప్రజా నాట్యమండలి. గరికపాటి రాజారావు అనే డాక్టరు గారు దాన్ని నడిపించారు. వీళ్లు టికెట్లు పెట్టి ఆడే కంపెనీ కాదు. ఊళ్లో ఉన్నవాళ్లే నటులు, ఊరి బయలే స్టేజీ. 'ముందడుగు', 'మాభూమి' లాంటి నాటకాలు వేశారు. రెండూ సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసినవి. 'మాభూమి'ని వందకు పైగా దళాలు ఊరూరా ఆడాయి. ఒకే నాటకాన్ని వంద దళాలు! కోడ్ అంతా ఓపెన్‌గా పెట్టేశారన్నమాట, ఎవరి ఊళ్లో వాళ్లు దించుకుని రన్ చేసుకోవడమే.

నాజర్ ఈ మండలిలోకి వచ్చారు. అయితే ఆయన్ని నాజర్‌ని చేసింది నాటకం కాదు, బుర్రకథ.

బుర్రకథ అంతకుముందు జంగం కథగా ఉండేది. జంగం కథకుడు తంబుర పట్టుకుని, పక్కన ఇంటి ఆడవాళ్లు వంత పాడుతుంటే ఊరూరా తిరిగి కథ చెప్పి ధాన్యమో దుడ్డో అడుక్కునేవాడు. మండలి వాళ్లు ఆ బిచ్చపు కళని తీసుకుని నిలబెట్టారు. మధ్యలో కథకుడు. తలపాగా, పొడుగు అంగరఖా, నడుముకి గుడ్డ, కాళ్లకి గజ్జెలు, భుజాన తంబుర, వేళ్లకి తాళం వేసే అందెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, వాళ్ల దగ్గర గుమ్మెటలో డక్కీలో. కుడివైపు వంత రాజకీయం మాట్లాడతాడు, ఎడమవైపు వంత హాస్యం చేస్తాడు. తెర లేదు, సెట్ లేదు, లైటింగ్ లేదు. ముగ్గురు మనుషులు ఎడ్లబండి ఎక్కి వెళ్లిపోవచ్చు. పోలీసులు వస్తున్నారంటే అంతే తొందరగా సర్దుకోవచ్చు కూడా. డిపెండెన్సీలు ఇంత తక్కువగా ఉన్న కళ ఇంకోటి లేదేమో.

ఈ రూపంలో అసలు తెలివంతా ఎడమవైపు వంతలో ఉంది. రిహార్సల్‌లో నాకు ఇచ్చిన వేషం అదే కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. కథ పన్నెండో శతాబ్దంలో నడుస్తూ ఉంటుంది. హాస్యగాడికి ఏదో అర్థం కాక మధ్యలో అడ్డొచ్చి ప్రశ్న వేస్తాడు. జవాబు చెప్పే వంకతో రాజకీయ వంత ఇవాళ్టి సంగతి ఎత్తుతాడు. కరువు, వడ్డీ, దొర, లంచం, ఏదైనా. ఒక్క నిమిషంలో మళ్లీ కథలోకి. జనానికి తాము విన్నది పాత కథా, తమ ఊరి సంగతా అన్నది తేల్చుకునే టైమ్ ఇవ్వరు.

సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' లాంటి కొత్త బుర్రకథలు రాశారు. మోటూరు ఉదయం గారు ఆడవాళ్లతోనే దళం కట్టి కథ చెప్పారు, అదీ 1940లలో. నాజర్ బెంగాల్ కరువు చెప్పారు, అల్లూరి సీతారామరాజు చెప్పారు, బొబ్బిలి యుద్ధం చెప్పారు. శాస్త్రీయ సంగీతం తెలిసిన గొంతు, పద్యనాటకంలో పండిన నటన, రెండూ ఆయన దగ్గర ఉన్నాయి. కథకుడంటే నిలబడి పాడేవాడు మాత్రమే కాదని ఆయన చూపించారు. తంబుర ఆయన చేతిలో ఒక క్షణం కత్తి, ఇంకో క్షణం చంటిబిడ్డ. వీరం నుంచి ఏడుపుకీ, ఏడుపు నుంచి నవ్వుకీ మనిషి మొత్తం మారిపోయేవారని చూసినవాళ్లు చెప్తారు.

ఇక పల్నాటి యుద్ధం. ఇదే నా అసలు విషయం.

మా వైపు ఈ కథ అందరికీ తెలుసు అనుకుంటాం. కోడిపందెం, నాగమ్మ మోసం, బాలచంద్రుడి పౌరుషం. అంతవరకే తెలుసు. నాకూ అంతే తెలుసు. కథ మొత్తం వింటే లెక్క వేరు. సవతి అన్నదమ్ముల మధ్య రాజ్యం రెండుగా చీలింది, గురజాల ఒకటి, మాచర్ల ఒకటి. మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టాడు. అంటే అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడు. మాల కన్నమదాసుని కొడుకులా చూసుకుని సేనాపతిని చేశాడు. గురజాలకి మంత్రి నాగమ్మ, ఆ కాలంలో మంత్రి పదవిలో కూర్చున్న ఆడమనిషి. పందెంలో కోడి ఓడింది, మాచర్ల వాళ్లు ఏడేళ్లు వలస పోయారు. తిరిగొచ్చాక రాయబారానికి వెళ్లిన అలరాజుకి విషం పెట్టారు. చివరికి కారెంపూడిలో, నాగులేరు ఒడ్డున యుద్ధం. బాలచంద్రుడు పోయాడు, కన్నమదాసు పోయాడు, వీరులందరూ పోయారు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడంటారు. గెలిచామని చెప్పుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

ఈ కథని శ్రీనాథుడు ద్విపదలో రాశాడంటారు. కారెంపూడిలో వీరవిద్యావంతులు తరతరాలుగా పాడుతున్నారు. వాళ్లకి అది కొలుపు, భక్తి. నాజర్ దాన్ని బుర్రకథలోకి తెచ్చి, ఆ గుడికి ఎప్పుడూ రానివాళ్ల ముందు, కృష్ణాకి అటూ ఇటూ ఊరూరా చెప్పారు. చాపకూడు ఘట్టం ఒక పింజారీ కళాకారుడి నోట వస్తుంటే, కింద కూర్చున్నవాళ్లలో కలిసి తినే అలవాటు లేని కులాల వాళ్లందరూ ఒకే నేల మీద కూర్చుని ఉంటారు కదా. ఆ రాత్రి మాత్రం చాప ఒకటే. ఇది నా ఊహే కావచ్చు. కానీ ఆయన ఇన్ని కథల్లో ఈ కథకి ఎందుకంత పేరు తెచ్చిపెట్టారో ఆలోచిస్తే నాకు తట్టిన కారణం ఇదే.

మండలి ఎక్కువ కాలం నిలబడలేదు. 1948 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం 'మాభూమి'ని నిషేధించింది, కమ్యూనిస్టుల మీద నిర్బంధం వచ్చింది, దళాలు చెదిరిపోయాయి. చాలామంది మద్రాసు రైలెక్కారు. మిక్కిలినేని, అల్లు రామలింగయ్య అలా సినిమాల్లోకి వెళ్లినవాళ్లే. రాజారావు గారు కూడా 1953లో 'పుట్టిల్లు' తీశారు. జమునకి అదే మొదటి సినిమా. అది ఆడలేదు. అందులో నాజర్ బుర్రకథ ఉంది. మరుసటి ఏడాది వచ్చిన 'అగ్గిరాముడు'లో కూడా ఆయన అల్లూరి కథ చెప్తూ కనిపిస్తారు. ఎన్టీఆర్ సినిమా కాబట్టి వెతికితే దొరుకుతుంది. క్వాలిటీ ఏమీ బాగుండదు, అయినా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి. ఫ్రేమ్‌లో ఆయన ఒక్కచోట నిలబడరు, కెమెరా వెనకబడుతుంది.

ఆయన మాత్రం సినిమాలో ఉండిపోలేదు. మళ్లీ ఊళ్లే. ఎంతోమందికి నేర్పారు. ఇందులో ఒక తమాషా ఉంది. ఒకప్పుడు పోలీసులు వెంటబడిన కళ, తర్వాత ప్రభుత్వానికే ముద్దయింది. కుటుంబ నియంత్రణ, పొదుపు, అక్షరాస్యత, ఏ పథకం వచ్చినా ఊళ్లో చెప్పడానికి బుర్రకథ దళమే కావాల్సి వచ్చింది. రేడియోలో బుర్రకథ వారాలు గడిచాయి. 1986లో నాజర్‌కి పద్మశ్రీ ఇచ్చారు. అప్పటికి ఇళ్లలోకి టీవీలు వచ్చేస్తున్నాయి. రాత్రంతా బయట కూర్చుని కథ వినే జనం తగ్గుతున్న కాలంలో ఆయనకి ఆ బిరుదు వచ్చింది. 1997 ఫిబ్రవరి 22న చనిపోయారు. నేను పుట్టడానికి చాలా ముందు.

మన ఫెస్ట్ సంగతి చెప్పలేదు కదా. గుమ్మెటలు దొరకలేదు, ప్యాడ్ మీద వాయించాం. తంబుర కార్డ్‌బోర్డ్‌ది. నేను హాస్య వంతగా ఇంటర్నల్ మార్కుల మీద వేసిన జోక్ బాగానే పేలింది. తర్వాత కథకుడు బాలచంద్రుడి చావు ఎత్తుకున్నాడు. ముందు వరసలో ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు తలెత్తారు. ఆ ఒక్క నిమిషం నా వంత ఎక్కడ అందుకోవాలో మర్చిపోయి నేనూ వింటూ నిలబడిపోయాను. వీడియోలో స్పష్టంగా తెలుస్తోంది, రాజకీయ వంత నా కాలు తొక్కుతున్నాడు.

వీడియో తాతయ్యకి పంపించాను. రెండుసార్లు చూశారట. గొంతులు బాగానే ఉన్నాయన్నారు, గజ్జెలు తప్పుతున్నాయన్నారు. కార్తీక అమావాస్యకి కారెంపూడిలో వీరుల తిరునాళ్ల మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఐదు రోజులు. ఇన్నేళ్లూ పక్కనే ఉండి ఒక్కసారి కూడా పూర్తిగా చూడలేదు నేను. ఈసారి మందపోరు రోజుకి, అంటే చాపకూడు పెట్టే రోజుకి, తాతయ్యతో కలిసి వెళ్తున్నా. మిడ్ ఎగ్జామ్స్ డేట్లు ఇంకా రాలేదు. క్లబ్‌లో ఎవరైనా వస్తామంటే దుర్గిలో మా ఇంట్లో ఉండొచ్చు.