పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు

తెలుగునాట జరిగిన యుద్ధములు అనేకములు. వానిలో కొన్ని గొప్ప రాజ్యముల తలరాతలనే మార్చినవి. అయినను సామాన్య జనుల నోట నేటికిని నిలిచియున్నది మాత్రము 12వ శతాబ్ది చివరి పాదమున కారెంపూడి యొద్ద, నాగులేటి యొడ్డున జరిగిన యుద్ధమే. అందు పోరినవారు పరదేశీయులు కారు. ఒక తండ్రి బిడ్డలు. సింహాసనము కొరకు సవతి సోదరులు రెండు పక్షములై కొట్టుకొని నశించిరి. కావుననే దానికి ఆంధ్ర భారతమను పేరు వచ్చినది. భారతకథకు కృష్ణుడెట్లో పల్నాటి కథకు బ్రహ్మనాయుడట్లు. అతడు రాజు కాడు. రాజగుటకు కోరినవాడును కాడు. అయినను ఆ కాలపు రాజులందరికంటె అతని పేరే మిగిలినది.

పల్నాడు కృష్ణానదికి దక్షిణమున, నల్లమల కొండల అంచున నున్న రాతిసీమ. మాచర్ల, గురజాల, కారెంపూడి అందలి ముఖ్యస్థలములు. చిరకాలము గుంటూరు మండలమున భాగమై యుండిన ఈ సీమ 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా ప్రత్యేక జిల్లా అయినది. వానలు తక్కువ, రాళ్లు ఎక్కువ. ఇట్టిచోట పశుసంపదయే సంపద. పశువుల మందలను కాచుకొనుటయు, పరుల మందలను పట్టుకొనుటయు వీరుల వృత్తిగా నుండిన కాలమది.

ఈ సీమకు హైహయవంశజుడైన అనుగురాజు ఉత్తరదేశమునుండి పరివారముతో వచ్చెను. అతడు చందవోలు రాజధానిగా ఏలుచుండిన వెలనాటి చోడుల ఆడపడుచు మైలమాదేవిని వివాహమాడి, పల్నాటిని అరణముగా పొందెను. మైలమాదేవికి నలగామరాజు జన్మించెను. రెండవ రాణి వీరవిద్యాదేవికి పెద మలిదేవుడు, పిన మలిదేవుడు, బాల మలిదేవుడు కలిగిరి. మూడవ రాణి భూరమాదేవికి కామరాజు, నరసింగరాజు, ఝెట్టిరాజు, పెరుమాళ్లరాజు పుట్టిరి.

కలహమునకు బీజము ఈ వంశవృక్షముననే యున్నది. రాజ్యము తండ్రి భుజబలముచే గెలిచినది కాదు. ఒక భార్య పుట్టింటినుండి వచ్చినది. కావున ఆమె కుమారుడును, అందరిలో పెద్దవాడును అగు నలగాముడు రాజ్యమంతయు తనదే యనుటలో కొంత న్యాయము కలదు. తండ్రి రాజైన పిదప ఆ రాజ్యము వంశమున కంతటికిని చెందినదని, తమకును భాగము కావలెనని మలిదేవాదులు కోరుటలోను న్యాయము కలదు. రెండు న్యాయములు ఎదురెదురుగ నిలిచినపుడు వానిని సమన్వయించు బుద్ధి మంత్రికుండవలెను. బ్రహ్మనాయుని జీవితమంతయు ఆ సమన్వయము కొరకైన ప్రయత్నమే.

బ్రహ్మనాయుడు రేచెర్లగోత్రజుడు, వెలమ వీరుడు. అతని తండ్రి దొడ్డనాయుడు అనుగురాజు కొలువున మంత్రి. తండ్రి పిదప కుమారుడు మంత్రియై, అనుగురాజు మరణించిన తరువాత నలగామునికి పట్టము కట్టి, గురజాల రాజధానిగా రాజ్యము నడిపెను. భార్య ఐతాంబ. వారి కుమారుడే బాలచంద్రుడు.

బ్రహ్మనాయుడు వైష్ణవభక్తుడు. మాచర్ల చెన్నకేశవస్వామి అతని ఇలవేల్పు. ఆ శతాబ్దమున దక్షిణదేశమంతట మతమున క్రొత్త గాలి వీచుచుండెను. దక్షిణాదిని రామానుజుల బోధ వ్యాపించుచుండెను. కన్నడదేశమున కళ్యాణ నగరమందు బిజ్జలుని కొలువున మంత్రియైన బసవేశ్వరుడు కులభేదములను నిరసించి శివభక్తులనందరిని ఒక్కటి చేయ పూనెను. పల్నాటి మంత్రి అదే పనిని విష్ణుభక్తి పేర చేసెను. అతడు నెలకొల్పిన ఆచారమునకు చాపకూడని పేరు. ఒక చాప పరచి, దానిపై అన్ని కులముల వీరులును సరసన కూర్చుండి ఒక్క కూడే కుడుచుట అందలి విధి. వినుటకిది చిన్నమాట. కాని ఎవరి పొయ్యి వారిది, ఎవరి బావి వారిది అయిన కాలమున అది సామాన్య సాహసము కాదు.

ఆ సమత భోజనముతో ఆగలేదు. మాలకులమున పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు పెంపుడు కొడుకుగ భావించి సేనానాయకత్వ మిచ్చెను. బాలచంద్రునితో కూడి తిరిగిన తమ్ములును వేర్వేరు కులములవారే. వారిలో అనపోతు బ్రాహ్మణుడు. వీరందరిని అన్నదమ్ములనుటయే ఆ గాథకు అలవాటు. సొంత అన్నదమ్ములు పాలుకొరకు పోరుచుండగా, పుట్టుకచే ఏ సంబంధమును లేనివారు అన్నదమ్ములై ఒకచోట ప్రాణములిచ్చిరి. పల్నాటి కథలోని గొప్ప విశేషమిదియే.

అయితే ఇట్టి ఆచారము అందరికి నచ్చునది కాదు. కొలువున బ్రహ్మనాయునిపై అసంతృప్తి పెరుగుచుండగా జిట్టగామాలపాడు నుండి నాగమ్మ రంగమునకు వచ్చెను. ఆమె రెడ్డికులమున పుట్టినది, శివభక్తురాలు, రాజనీతి ఎరిగినది. నలగాముని అభిమానము పొంది, మంత్రిపదవి నధిష్ఠించి, నాయకురాలని ప్రసిద్ధి కెక్కెను. కాకతి రుద్రమదేవి సింహాసన మెక్కుటకు ఎనుబది ఏండ్లకు ముందే ఒక తెలుగు స్త్రీ రాజ్యతంత్రమును నడిపి, సేనను కూర్చి యుద్ధభూమికి పోయెనన్నచో ఆమె సామాన్యురాలు కాదు. వీరగాథ బ్రహ్మనాయుని పక్షమువారు పాడినది కావున అందు నాగమ్మ కపటమునకు మారుపేరుగ నిలిచినది. నిదానించి చూచినచో ఆమె పట్టుదల ఒక్కటే: రాజ్యము ముక్కలు కారాదు, జ్యేష్ఠుని అధికారము తరుగరాదు. ఆ లక్ష్యము తప్పు కాదు. దానికై ఆమె త్రొక్కిన త్రోవలే తప్పు.

నాగమ్మ ప్రాబల్యము పెరుగగా బ్రహ్మనాయుడు మలిదేవాదుల పక్షమున నిలిచెను. రాజ్యము రెండు భాగములయ్యెను. నలగాముడు గురజాలను, మలిదేవుడు మాచర్లను ఏలిరి. చంద్రవంక యొడ్డున చెన్నకేశవుని నీడన మాచర్ల వర్ధిల్లెను. ఆ విభాగముతో కలహము తీరియుండవలసినది. కాని కోడిపందెము వచ్చినది.

పల్నాట కోడిపందెము వేడుక. ఆ వేడుకపై రెండు రాజ్యములను ఒడ్డిరి. ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలెనన్నది పందెము. బ్రహ్మనాయుని కోడి చిట్టిమల్లు మొదట గెలిచియు, తుదకు నాగమ్మ కోడి శివంగిడేగ చేతిలో ఓడెను. అందు మోసము జరిగెనని గాథ చెప్పును. మోసము జరిగినను జరుగకున్నను, ప్రజల బ్రతుకును కోడి కాలికి కట్టుట మంత్రికి తగినపని కాదు. ధర్మరాజు జూదమాడి చేసిన తప్పునే, ఆ కథ ఎరిగిన బ్రహ్మనాయుడు మరల చేసెను. అతని జీవితమున నిక్కముగ పొరపాటన్నది ఇదియే. దాని ఫలమును అతడు కడవరకు మోసెను.

ఓడినవారు మాట తప్పలేదు. మలిదేవులును, బ్రహ్మనాయుడును, వారి పరివారమును పశువుల మందలతో మాచర్ల విడిచి వెడలిరి. మొదట మండాదిలో విడిసిరి. అచ్చటను వారికి నెమ్మది లేదు. నాగమ్మ పంపినవారు మందపై పడిరి. ఆ పోరున మందను కాచిన లంకన్న ప్రాణము విడిచెను. తరువాత వారు త్రిపురాంతక ప్రాంతమునకు పోయి, మేడపిలో నిలిచి గడువు తీర్చిరి.

ఏడేండ్లు గడచినవి. తమ భాగము తమకిమ్మని అడుగుటకు అలరాజును రాయబారిగ పంపిరి. అలరాజు కొమ్మరాజు కుమారుడు. నలగామునికి స్వయముగ అల్లుడు. కూతురి మగని మాట మామ కాదనడని వారి ఆశ. కాని రాయబారము విఫలమయ్యెను. తిరిగి వచ్చుచుండగా చర్లగుడిపాడున అలరాజు విషప్రయోగముచే మరణించెను. నలగాముని కూతురు పేరిందేవి భర్తతో సహగమనము చేసెను. కలహమునకు మొదటి బలి పగవారి బిడ్డ కాదు. రాజు సొంత కూతురే. అటుపిమ్మట సంధికి దారి మూసికొనిపోయినది.

రెండు సేనలు కారెంపూడి చేరెను. అంతవరకు వచ్చియు బ్రహ్మనాయుడు యుద్ధము తప్పింప చూచెను. ఒక్కగానొక్క కుమారుని రణమునకు దూరముగ నుంచెను. ఇందు తండ్రి మమకారమున్నది. ఇతరుల బిడ్డలను యుద్ధమునకు నడపి తన బిడ్డను దాచినాడన్న నిందకును ఇందు చోటున్నది. బాలచంద్రుడు ఆ నిందను నిలువనీయలేదు. బొంగరములాట నడుమ యుద్ధవార్త విని, తల్లి ఐతాంబ యొద్ద సెలవు తీసికొని, భార్య మాంచాలను కలిసికొనెను. భర్తను కొంగు పట్టి ఆపక, ఆమె తానే కత్తినిచ్చి సాగనంపెను. త్రోవలో బ్రాహ్మణ హత్యాదోషమునకు వెరచి బాలచంద్రుడు అనపోతును ఉపాయముగ వెనుకకు పంపగా, ఆ మిత్రుడు ఎడబాటు సహింపలేక ప్రాణము తీసికొనెను.

యుద్ధభూమి యందు సంధిమాట నడుచుచుండెను. తండ్రి సంధికి మొగ్గుచుండగా కుమారుడు సమ్మతింపలేదు. అలరాజు మరణమును మరచి చేయు సంధి సంధి కాదని అతని వాదము. పెద్దల ఓర్పుపై పిన్నల ఆవేశము గెలిచినది. బాలచంద్రుడు పోరి ప్రాణము విడిచెను. మలిదేవులు కూలిరి. వీరులు దాదాపు అందరును నేలకొరిగిరి. ఈ యుద్ధము 1176–1182 నడుమ జరిగెనని సాధారణముగ చెప్పుదురు.

తుదకు మిగిలినవారు నలగాముడు, నాగమ్మ, బ్రహ్మనాయుడు. ఎవరి రాజ్యభాగము కొరకు పోరెనో ఆ రాజకుమారులు లేరు. ఎవరిని దాచ చూచెనో ఆ కుమారుడు లేడు. అప్పుడు బ్రహ్మనాయుడు నలగామునిపై పగ తీర్చుకొనలేదు. సింహాసనమును అతనికే అప్పగించి, గుత్తికొండ బిలమున ప్రవేశించెనని జనశ్రుతి.

యుద్ధఫలము పల్నాటి ఎల్లలతో ఆగలేదు. హైహయుల రాజ్యము క్షీణించెను. వారికి అండయైన వెలనాటి చోడులును బలహీనులైరి. ఆ అదనున ఓరుగంటి కాకతీయులు కృష్ణకు దక్షిణముగ ప్రాకిరి. 1199లో రాజ్యమునకు వచ్చిన గణపతిదేవుడు వెలనాటిని తన యేలుబడిలోనికి తెచ్చెను. అన్నదమ్ముల తగవు మూడవవానికి లాభించుట చరిత్రలో క్రొత్త కాదు.

బ్రహ్మనాయుని కథ శాసనములకంటె పాటలలోనే ఎక్కువగ నిలిచినది. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు దీనిని ద్విపదగా రచించెనని ప్రసిద్ధి. అక్కిరాజు ఉమాకాంతము 1911లో ఆ కావ్యమును అచ్చువేసి విద్వాంసుల దృష్టికి తెచ్చెను. ఉన్నవ లక్ష్మీనారాయణ నాగమ్మ ప్రధానపాత్రగా నాయకురాలు అను నాటకము వ్రాసెను. 1947లోను, 1966లోను పల్నాటి యుద్ధము చలనచిత్రమై వచ్చినది. పల్నాటి గాయకుడు అలిసెట్టి గాలెయ్య పాడిన గాథను ఆధారము చేసికొని అమెరికా పండితుడు జీన్ రోఘైర్ వ్రాసిన ఆంగ్ల గ్రంథము 1982లో వెలువడినది. ఈ గాలెయ్య మాలకులమునకు చెందినవాడు. కన్నమదాసుకు బ్రహ్మనాయుడిచ్చిన గౌరవమును ఆ కులమువారు ఎనిమిది వందల ఏండ్లు తమ గొంతుతో కాపాడిరనుట అతిశయోక్తి కాదు.

కారెంపూడిలో వీరుల గుడి కలదు. ఏటేట కార్తికమాసపు అమావాస్య నుండి ఐదు దినములు అచ్చట ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినములకు పేర్లు. వీరుల ఆయుధములను పూజింతురు, గాథ పాడుదురు, చాపకూడు కుడుతురు. కోడిపోరు పేరు చెప్పినచో రాజ్యము పోయినది జ్ఞప్తికి వచ్చును; కల్లిపాడు పేరు చెప్పినచో బిడ్డలు పోయినది జ్ఞప్తికి వచ్చును. చాపకూడు మాత్రము దుఃఖమును జ్ఞప్తికి తేదు.

బ్రహ్మనాయుని రాజనీతి ఓడినది. అతడు కాపాడ బూనిన రాజ్యము నిలువలేదు. నివారింప బూనిన యుద్ధము ఆగలేదు. కాని పంక్తిలో అందరిని సమముగ కూర్చుండబెట్టిన అతని ఆచారము నిలిచినది. ఈ కథను పాఠముగ చెప్పు ఉపాధ్యాయులు బాలచంద్రుని శౌర్యముతో ఆపక, ఆ చాపవరకు నడిచినచో విద్యార్థులకు బ్రహ్మనాయుడు సంపూర్ణముగ కనుపించును.