మేరీ క్యూరీ చరిత్రము

మహనీయుల చరిత్రములు చదువునపుడు వారు సాధించిన విజయములనే గాక, ఆ విజయములకై వారు చెల్లించిన వెలను గూడ గ్రహింపవలెనని మా యభిప్రాయము. రేడియమును కనుగొనిన మేరీ క్యూరీ పేరు వినని విద్యార్థి యుండడు. కాని యుద్ధకాలమున ఎక్సు కిరణములతో నామె చేసిన సేవయు, ఆ సేవవలన నామె దేహమునకు గలిగిన హానియు నెఱిగినవారు కొలదిమందియే. మన విద్యార్థులలో కొందఱు మున్ముందు వైద్యశాలలలో ఎక్సు-రే పని నేర్వగోరుదురు గావున, ముఖ్యముగా వారికొఱకే దీనిని వ్రాయుచున్నాము.

మేరీ 1867వ సంవత్సరము నవంబరు 7వ తేదీన పోలెండు దేశమునందలి వార్సా నగరమున జన్మించెను. ఆ నగర మప్పుడు రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి గణితమును, భౌతికశాస్త్రమును బోధించు నుపాధ్యాయుడు. పదియేండ్ల ప్రాయముననే ఆమెకు మాతృవియోగము సంభవించెను. ఆ కాలమున నచ్చటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేదు. అందుచే మేరీ సంపన్నుల యిండ్లలో పిల్లలకు చదువు చెప్పి, ఆ జీతముతో పారిసున వైద్యవిద్య నభ్యసించుచున్న తన యక్కకు తోడ్పడెను. 1891లో తానును పారిసు చేరి, చలికిని ఆకలికిని ఓర్చి చదివి, 1893లో భౌతికశాస్త్ర పరీక్షయందు ప్రథమస్థానమున నుత్తీర్ణురాలయ్యెను. 1895లో పియరు క్యూరీ యను శాస్త్రజ్ఞుని వివాహమాడెను.

ఆ యేడే జర్మనీలో రాంట్‌జెన్ పండితుడు ఎక్సు కిరణములను కనుగొనెను. మఱుసటి యేట బెకెరెల్ పండితుడు యురేనియమునుండి కంటికి కానరాని కిరణములు వెలువడుచున్నవని తెలిసికొనెను. క్యూరీ దంపతులు ఈ మార్గముననే పరిశోధించి 1898లో పొలోనియము, రేడియము అను రెండు మూలద్రవ్యములను లోకమునకు దెలిపిరి. పిదప వాననీరు కారు నొక పాకలో ఏండ్ల తరబడి టన్నులకొలది ఖనిజమును కాచి, వడగట్టి, 1902 నాటికి గ్రాములో పదియవ వంతు రేడియము లవణమును సంపాదించిరి. 1903లో వారికిని బెకెరెలునకును నోబెలు బహుమానము లభించెను. 1906లో పియరు గుఱ్ఱపుబండి క్రింద పడి మరణించెను. మేరీ దుఃఖమును దిగమ్రింగి, భర్త యాచార్యపదవిని దాను వహించెను. 1911లో రసాయనశాస్త్రమునకు రెండవ నోబెలు బహుమానము నందెను.

1914లో మహాయుద్ధ మారంభమయ్యెను. గాయపడిన సైనికుని దేహమున గుండు ఎచ్చట నున్నదో తెలియక వైద్యులు కత్తి యాడించుట నామె సహింపలేకపోయెను. మోటారుబండ్లలో ఎక్సు-రే యంత్రముల నమర్చి, బండి యింజనుతోనే విద్యుచ్ఛక్తిని పుట్టించి, యుద్ధభూమికి చేరువకు గొనిపోయెను. ఇట్టి బండ్లను ఇంచుమించు 20ని, స్థిరమైన ఎక్సు-రే గదులను 200ను ఏర్పఱచెను. 150 మంది స్త్రీలకు ఈ పని నేర్పెను. తానును బండి తోలుట నేర్చుకొనెను. పదునెనిమిదేండ్లైన నిండని కొమార్తె ఐరీను తల్లికి సహాయురాలయ్యెను. ఇట్లు పరీక్షింపబడిన సైనికులు పదిలక్షలకు మించిరి.

కాని ఆ తొందరలో రక్షణసాధనము లంతంతమాత్రముగనే యుండెను. ఎక్సు కిరణము తగిలినపుడు వేడి లేదు, నొప్పి లేదు. హాని దినములకో యేండ్లకో బయటపడును. ఎముకలలో రక్తమును పుట్టించు మూలుగ క్రమముగా చెడును. ఈ సంగతి తెలియక ఎందఱో తొలినాటి పనివారు చేతులను, పిదప ప్రాణములను గోల్పోయిరి. 1936లో జర్మనీలోని హాంబర్గు నగరమున నిట్టివారికై నిలిపిన స్మారకశిలపై మొదట 169 పేర్లు చెక్కబడెను.

యుద్ధానంతరము ప్రమాద మెల్లరకును బోధపడసాగెను. 1925లో మేరీ యొక సంఘమున సభ్యురాలై, ఇట్టి పనివారికి సీసపు తెరలును, నియమితకాలములందు రక్తపరీక్షలును ఉండవలెనని సూచించెను. 1928లో స్టాక్‌హోము నగరమున నన్ని దేశములకు రక్షణనియమములు సూచించు సంఘము వెలసెను. ఆమెకు మాత్ర మవి యాలస్యముగా వచ్చెను. కన్నులకు శుక్లములు క్రమ్మెను, రక్తము క్షీణించెను. 1934 జూలై 4వ తేదీన ఆమె కన్నుమూసెను. ఐరీను సైతము 1956లో రక్తపు క్యాన్సరుచే మరణించెను. 1995లో మేరీ శవపేటికను పారిసులోని పాంథియోను స్మారకమందిరమునకు తరలించునపుడు నిపుణులు పరీక్షింపగా, అందు రేడియము జాడ యూహించినంత కానరాలేదు. ఆమె వ్యాధికి యుద్ధకాలమునాటి ఎక్సు కిరణములే యెక్కువ కారణమై యుండునని వారు తలంచిరి.

నేడు మన దేశమున ఎక్సు-రే పనివారు సీసపు అంగీ క్రింద, రొమ్ముమీద, ఒక చిన్న బ్యాడ్జిని ధరింతురు. అందలి బిళ్లలు తమకు సోకిన కిరణశక్తిని దాచుకొని, వేడిచేసినపుడు వెలుగుగా వెలువరించును. మూడు నెలల కొకమాఱు ఆ వెలుగును గొలిచి లెక్క వ్రాయుదురు. అయిదేండ్ల సగటున సంవత్సరమునకు 20 మిల్లీసీవర్టులును, ఏ యొక్క సంవత్సరమునను 30 మిల్లీసీవర్టులును మించరాదని నియమము. మన ఏటూరునాగారపు పిల్లలకు గోదావరి వరదలు క్రొత్త కావు. నీటిమట్టమును జూపు కొలబద్ద వరద నాపదు. ఎంతవఱకు వచ్చినదో తెలుపును. బ్యాడ్జియు నట్టిదే. ఆపునది సీసపు తెర; అంతకంటె దూరము. యంత్రమునకు రెండింతల దూరమున నిలిచినచో సోకు కిరణములు నాలుగవ వంతగును.

కావున ఈ వృత్తిని చేపట్టువారు బ్యాడ్జిని గోడకు తగిలించి పనిచేయరాదు. ఒకరిది మఱియొకరు ధరింపరాదు. తన్ను గాపాడుకొనుట పిఱికితనమని తలంపరాదు. మేరీ క్యూరీ కాలమున ఆ లెక్క వ్రాయు సాధనము లేదు. నేడది యున్నది. దానిని నమ్మకముగా ధరించుటయే ఆమె యెడ మనము చూపదగిన కృతజ్ఞత యని మా విశ్వాసము.