రెండు కార్ల మధ్య కోడి రామమూర్తి

మా తాత జీడిపిక్కల బస్తాను, అంటే 80 కిలోల బరువును, ఒక్క ఊపున భుజానికెత్తే మనిషి. కుర్రాడెవడైనా బస్తా దగ్గర తడబడితే ఆయన తిట్టు ఒక్కటే, కోడి రామమూర్తి పుట్టిన గడ్డ పరువు తీస్తున్నావని. ఆ పేరు నేను మొదట తిట్టులోనే విన్నాను. పుస్తకాల్లో చదివింది తర్వాత. ఈ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు ఆయన తప్ప వేరెవరూ గుర్తు రాలేదు. ఫిజిక్సు విద్యార్థిని కాబట్టి కొంచెం అనుమానంతోనే రాస్తున్నాను, పెద్దలు క్షమించాలి.

రామమూర్తి నాయుడుగారు 1880ల్లో వీరఘట్టంలో పుట్టారు. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక ఆ ఊరు పార్వతీపురం మన్యంలో కలిసింది గాని, మావాళ్ల లెక్కలో ఆయన ఇప్పటికీ శ్రీకాకుళం వారే. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నప్పుడే పోయింది. తల్లి లేని పిల్లవాణ్ణి విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామి దగ్గర ఉంచి చదివించారు. చదువు అంతంత మాత్రం. బడికన్నా తాలింఖానాలోనే ఎక్కువసేపు ఉండేవాడంటారు. నాకు నచ్చినదేమిటంటే, ఆ పినతండ్రి కుర్రాణ్ణి చితకబాది పుస్తకం ముందు కూర్చోబెట్టకుండా, మద్రాసు సైదాపేటకు పంపి వ్యాయామ శిక్షణ ఇప్పించారు. అలా తిరిగొచ్చి తాను చదివిన విజయనగరం హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టరయ్యాడు. చదువు రానివాడని పేరుపడ్డ పూర్వ విద్యార్థి అదే బడికి మాస్టరుగా రావడం ఎంత బాగుంటుందో కదా!

నెల జీతం మాస్టరుగానే ఉండిపోతే మనకీ కథ ఉండేది కాదు. పొట్టి పంతులు అనే ఆయన సాయంతో సర్కస్ కంపెనీ పెట్టారు. ఊరూరా డేరాలు లేచాయి. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచడం, గుండెల మీద బల్ల పరిచి ఏనుగును ఎక్కించుకోవడం, రెండు చేతులకూ గొలుసులు కట్టించి రెండు మోటారు కార్లను చెరోవైపు నడపమనడం, ఇవీ ఆయన ప్రదర్శనలు. కారు అన్నది ఊళ్లలో ఇంకా వింతగా ఉన్న రోజులవి. బండి చూడ్డానికే జనం మూగేవారు, దాన్ని ఆపే మనిషిని చూడ్డానికి రారా!

ఇక్కడ నా అనుమానం. రెండు కార్లు సమానంగా చెరోవైపు లాగితే రెండు బలాలూ ఒకదాన్నొకటి కొట్టేస్తాయి. మనిషి కదలడు. ఒక కారు బదులు చెట్టుకు గొలుసు కట్టినా అంతే. కనుక ఆయన రెండు కార్లను ఆపారనడంకన్నా ఒక కారు లాగుడును భుజాలతో భరించారనడం సబబు. మరి ఆ లాగుడు ఎంత? కారు 800 కిలోలనుకుందాం, సగం బరువు వెనక చక్రాల మీద పడిందనుకుందాం, రాపిడి గుణకం 0.6 అనుకుందాం. గట్టిగా 240 కిలోల బరువంత లాగుడు వస్తుంది. మూడు జీడిపిక్కల బస్తాలు. ఈ లెక్క చేసినప్పుడు కొంచెం గర్వపడ్డాను, గుట్టు విప్పేశానని. తర్వాత ఆ మూడు బస్తాలూ ఒక మనిషి చేతుల్ని గూళ్లలోంచి ఊడలాగుతున్నట్టు ఊహించుకున్నాను. గర్వం దిగిపోయింది.

విశాఖపట్నంలో వైస్రాయి మింటో ప్రభువు కారును ఆయన ఒక్కడే వెనకనుంచి పట్టి ఆపారని చెబుతారు. జనం రెండు కార్ల కథకే నోరెళ్లబెడతారు గాని, ఒంటి కారు ఆపడమే అసలు కష్టం. రెండోవైపు ఆసరా ఉండదు, కాళ్లు నేలను పట్టుకోవాలి. మడమలకు ఏదో ఒక ఊతం దొరికే ఉంటుందని నా ఊహ. తాత ఉంటే ఈ వాక్యానికి నా వీపు పగిలేది.

పుణెలో లోకమాన్య తిలక్ ఆయనకు మల్ల మార్తాండ బిరుదిచ్చారు. లండన్‌లో అయిదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ప్రదర్శన చూసి ఇండియన్ హెర్క్యులస్ అన్నారు. తెలుగువాళ్లు మాత్రం కలియుగ భీముడన్నారు. దేశదేశాలు తిరిగిన ఈ మనిషి శాకాహారి. మాంసం లేనిదే కండ పట్టదనే మా హాస్టలు మిత్రులు ఈ సంగతి గమనించాలి. బలమంతా ప్రాణాయామానిదే అనేవారట. సంపాదించింది చేతికి ఎముక లేకుండా ఇచ్చేశారని మావైపు చెప్పుకుంటారు.

చివరి రోజులు మాత్రం నాకు సులభంగా చదవబుద్ధి కాలేదు. కాలికి పుండు పడింది. మానలేదు. ఆఖరికి కాలు తీసేశారు. క్లోరోఫాం వద్దని, ఊపిరి బిగబట్టి కూర్చుని కోయించుకున్నారని చెబుతారు. దీనికి నా దగ్గర లెక్కేమీ లేదు. డేరా లేదు, చప్పట్లు లేవు, ఒంటికాలు. ఒరిస్సాలోని బలంగీర్‌లో కాలం గడిపి, 1942 జనవరిలో సంక్రాంతి రోజుల్లోనే కన్నుమూశారు.

మా ఉద్దానంలో ఇది చదివితే మనసు మరోలా ఉంటుంది. రెండేసి బస్తాలు మోసిన మొనగాళ్లు కిడ్నీలు పాడై, డయాలసిస్ కోసం పలాస బస్సెక్కడానికి పక్కవాడి భుజం పట్టుకోవడం మేం చూస్తూనే ఉన్నాం. మా తాతా అలాగే వెళ్లాడు. ఆ బస్సులో ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి నేనే. ఒకసారి రామమూర్తి కాలు సంగతి చెప్పాను. ఆయనకు తెలియదట. కార్లు, ఏనుగు, గొలుసు, అంతవరకే విన్నాడట. చాలాసేపు కిటికీలోంచి జీడితోటలు చూసి, ఆ పుండు పడ్డాక ఎన్నేళ్లు బతికాడో కనుక్కోమన్నాడు.

ఇప్పుడు శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది. విశాఖ బీచి రోడ్డులో విగ్రహం ఉంది, రెండు కాళ్లతో. సంక్రాంతికి మా వైపు ఊళ్లలో కుర్రాళ్లు ఇంకా సంగిడి రాళ్లెత్తుతారు. పోయినసారి నేనూ దిగాను. మోకాలిదాకా లేచింది.