శ్మశానం పక్కన ఇల్లు కట్టుకున్న ఫాదర్ డేమియన్

పునరుత్థానం అంటే ఈస్టర్ రోజు పాడుకునే పాటలే కదా, మిగతా రోజుల్లో దానితో పనేముందని మన కుర్రాళ్లు కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. ప్రసంగం చేయడం మాకు రాదు. అందుకే ఈసారి సంచికలో ఒక మనిషి బతుకు చెబుతున్నాం.

అతని పేరు జోసెఫ్ డి వ్యూస్టర్. 1840 జనవరి 3న బెల్జియంలోని ట్రెమెలో అనే పల్లెలో రైతు ఇంట పుట్టాడు. మఠంలో చేరాక డేమియన్ అయ్యాడు. హవాయి దీవులకు వెళ్లవలసిన అన్న జబ్బుపడితే ఆ స్థానంలో తాను ఓడ ఎక్కాడు. 1864లో హొనొలులులో గురుపట్టం అందుకుని, తర్వాత తొమ్మిదేళ్లు పెద్ద దీవిలో పనిచేశాడు.

బయటివాళ్లతో వచ్చిన రోగాలు ఆ రోజుల్లో హవాయి ఆదివాసీలను తుడిచిపెడుతున్నాయి. వాటిలో కుష్ఠు ఒకటి. మన పెద్దలు దాన్ని పెద్దరోగం అనేవారు. 1865లో అక్కడి రాజ్యం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం రోగులను మొలొకాయి దీవిలోని కలావుపాపా అనే చోటికి పంపేసేవారు. మూడు వైపులా సముద్రం, నాలుగో వైపు నిలువెత్తు కొండ. తల్లినీ బిడ్డనూ వేరుచేసేది కాబట్టి అక్కడివాళ్లు దానికి విడదీసే రోగం అని పేరు పెట్టుకున్నారు. తమవాళ్లను వదల్లేక, రోగం లేకపోయినా వెంట వెళ్లినవాళ్లూ ఉన్నారు. డేమియన్ కంటే ముందే అక్కడ సేవ చేసింది వాళ్లే. ఆ సంగతి చెప్పకుండా డేమియన్ కథ చెప్పడం మాకు ఇష్టం లేదు.

1873 మే 10న డేమియన్ అక్కడ దిగాడు. వయసు 33. ఉండటానికి ఇల్లు లేదు. మొదటి రాత్రులు గుడి పక్కన మొగలి జాతి చెట్టు కింద పడుకున్నాడు. ఆ పక్కనే శ్మశానం. చావు అక్కడ నిత్యం ఉన్నదే. పెట్టె కొనే డబ్బు లేనివాళ్లను దుప్పట్లో చుట్టి, లోతు లేని గుంతలో పెట్టేవారు. పందులు, కుక్కలు తవ్విపోసేవి.

చనిపోయినవారి కోసం రాయి నిలబెట్టే కోయ గూడేలవారికి, సవర గూడేలవారికి ఆ బాధ ఎలాంటిదో తెలుసు. డేమియన్ నమ్మకం ప్రకారం మట్టిలో పెట్టే దేహం పారేసేది కాదు, నాటే విత్తనం. దేవుడు మళ్లీ లేపబోయే దేహాన్ని పందులకు ఎలా వదులుతాం? అందుకే రంపం, సుత్తి పట్టుకున్నాడు. శవపెట్టెలు తానే చేశాడు, గుంతలు తానే తవ్వాడు. శ్మశానానికి కంచె కట్టి, దాని పక్కనే ఇల్లు వేసుకున్నాడు. అంత్యక్రియలు చూసుకునేందుకు రోగులు ఒక సంఘం పెట్టుకున్నారు. డప్పులు, బాజాలతో సాగనంపేవారు.

చచ్చినవాడి దేహానికే అంత విలువ ఉంటే, బతికున్నవాడి దేహం మాటేమిటి? మాకు ఈ కథలో నచ్చేది ఇక్కడే. కుళ్లిన పుండ్లు కడిగి కట్లు కట్టాడు. 1874లో తుపాను గుడిసెలు కూల్చేస్తే, రోగులతో కలిసి చెక్క ఇళ్లు కట్టాడు. లోయ నుంచి గొట్టాలు వేయించి నీళ్లు తెప్పించాడు. వాళ్ల భాషలోనే మాట్లాడాడు, వాళ్ల గిన్నెలోనే తిన్నాడు. మొండివాడు, కోపిష్ఠి. చెక్క కోసం, మందుల కోసం అధికారులతో, పై గురువులతో గొడవపడుతూనే ఉండేవాడు. ఆ మొండితనమే లేకపోతే అక్కడికి పలకలు వచ్చేవి కావేమో.

1884 డిసెంబరులో ఒకరోజు వేడినీళ్లలో పాదం పెట్టాడు. చర్మం బొబ్బలెక్కింది, నొప్పి మాత్రం తెలియలేదు. రోగం తనకూ వచ్చిందని అర్థమైంది. పని ఆపలేదు. వేళ్లు మొద్దుబారుతున్నా గుడి పెంచే పనిలోనే ఉన్నాడు. 1886లో జోసెఫ్ డట్టన్, 1888లో మదర్ మరియాన్ కోప్ తోడుగా వచ్చారు. 1889 ఏప్రిల్ 15న, ఈస్టర్‌కు ఆరు రోజుల ముందు, 49 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. అదే మొగలి చెట్టు దగ్గర పాతిపెట్టారు.

1936లో బెల్జియం ఆయన దేహాన్ని తీసుకువెళ్లి లూవెన్‌లో ఉంచింది. మొలొకాయిలో సమాధి ఖాళీగా మిగిలింది. 1995లో ఆయన కుడిచేయి ఒక్కటీ తిరిగి వచ్చింది. పెట్టెలు చేసిన ఆ చేతిని పాత గుంతలోనే పెట్టారు.