అంకెల్లో అనంతాన్ని వెదికి, అనంతుణ్ణి కనుగొన్నాడు!

చదువు పెరిగితే విశ్వాసం తరిగిపోతుందన్న భయం చాలా క్రైస్తవ కుటుంబాల్లో ఉంది. కొడుకు ఇంజినీరింగ్‌లో చేరితే ఆదివారం ఆరాధన మానేస్తాడేమోనని తల్లి దిగులు పడుతుంది. చదువుకున్న పిల్లలేమో చర్చి గుమ్మం దగ్గర చెప్పులతోపాటు మెదడును కూడా విడిచి లోపలికి రావాలేమోనని సందేహిస్తారు. ఈ రెండు భయాలకూ తన జీవితంతోనే జవాబిచ్చిన ఒక రష్యా దేశస్థుడున్నాడు. ఆయన గొప్ప గణిత శాస్త్రవేత్త, ఆర్థోడాక్స్ సంఘ గురువు, చివరికి తన విశ్వాసం కోసం తుపాకి గుళ్లకు బలైన సాక్షి. ఆయన పేరు పావెల్ ఫ్లోరెన్‌స్కీ.

ఆయన 1882 జనవరిలో నేటి అజర్‌బైజాన్‌లోని యెవ్లాఖ్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి రష్యన్, రైలు మార్గాలు వేసే ఇంజినీరు. తల్లి ఆర్మేనియన్ జాతికి చెందిన ఉన్నత కుటుంబీకురాలు. నేడు టిబిలిసిగా పిలుస్తున్న టిఫ్లిస్ నగరంలో ఆయన పెరిగాడు. ఆ ఇంట్లో ప్రేమకు కొదవ లేదు, పుస్తకాలకూ కొదవ లేదు. లేనిదల్లా ప్రార్థనే. తల్లిదండ్రులు పిల్లలకు దేవుని గురించి నేర్పలేదు. కొండలు, రాళ్లు, మొక్కలు, సముద్రం, ఇవే ఆ బాలుడి పాఠశాల. అన్నిటికీ సైన్సే జవాబు చెబుతుందని నమ్మి పెరిగాడు.

1899లో, పదిహేడేళ్ల వయసులో ఆ నమ్మకం కుప్పకూలింది. తనకు తెలిసిన చదువంతా కలిపినా, మనిషి ఎందుకు బతకాలన్న ఒక్క ప్రశ్నకు అందులో జవాబు లేదని ఆయనకు అర్థమైంది. సైన్సు అబద్ధమని కాదు, అది చాలదని తెలిసింది. సొలొమోను రాజు జ్ఞానమంతా సంపాదించాక ప్రసంగి గ్రంథంలో వెలిబుచ్చిన శూన్యం లాంటిదే ఈ కుర్రవాడి గుండెలోనూ చోటు చేసుకుంది. ఆ శూన్యంలోనే దేవుని కోసం వెదుకులాట మొదలైంది.

1900లో ఆయన మాస్కో విశ్వవిద్యాలయంలో గణితం చదవడానికి చేరాడు. అక్కడి ఆచార్యుడు నికొలాయ్ బుగాయెవ్ బోధన ఆయన్ని ఆకట్టుకుంది. లోకంలో ప్రతి మార్పూ కొంచెం కొంచెంగా, తెంపు లేకుండా, ముందే నిర్ణయమైన దారిలోనే జరుగుతుందని ఆనాటి పండితులు చాలామంది తలచేవారు. అదే నిజమైతే మారుమనస్సుకు చోటెక్కడ? అద్భుతానికి చోటెక్కడ? బుగాయెవ్ మాత్రం ఒక్కసారిగా తెగి, మరోచోట మొదలయ్యే గణిత సంబంధాలపై శ్రద్ధ పెట్టాడు. ఫ్లోరెన్‌స్కీ తన పరిశోధనకు ఆ అంశాన్నే ఎంచుకున్నాడు. గీతలోనే తెంపు ఉండగలిగితే, మనిషి జీవితంలో ఎందుకుండకూడదన్నది ఆయన ఆలోచన. దమస్కు మార్గంలో సౌలుకు జరిగింది కొంచెం కొంచెంగా జరిగిన మార్పు కాదు కదా!

అదే సమయంలో జర్మనీకి చెందిన గేయోర్గ్ కాంటర్ అనే గణిత మేధావి అనంతం గురించి రాసిన సంగతులు ఆయన చేతికి వచ్చాయి. 1, 2, 3 అంటూ ఎంతదూరం లెక్కపెట్టినా అంతం రాదని బడిపిల్లలకు కూడా తెలుసు. అయితే అనంతాన్ని ఒక పూర్తయిన మొత్తంగా భావించవచ్చని, ఒక అనంతం కన్నా మరో అనంతం పెద్దది కావచ్చని కాంటర్ నిరూపించాడు. ఫ్లోరెన్‌స్కీ 1904లో దాని గురించి ఒక వ్యాసం రాసి రష్యా పాఠకులకు పరిచయం చేశాడు. మనిషి బుద్ధి అనంతాన్ని ఆలోచించగలుగుతోందంటే, ఆ బుద్ధిని పెట్టిన సృష్టికర్త అనంతుడు కావడంలో వింతేముందన్నది ఆయనకు కలిగిన ఆనందం.

డిగ్రీ చేతికి రాగానే విశ్వవిద్యాలయంలో మంచి భవిష్యత్తు ఎదురుచూస్తోంది. ఆయన దాన్ని కాదనుకున్నాడు. సన్యాసి అవుతానని బిషప్ ఆంటొనీ ఫ్లోరెన్‌సొవ్ దగ్గరికి వెళ్లాడు. ఆ పెద్దాయన తొందరపడవద్దని, ముందు వేదాంతం చదవమని సలహా ఇచ్చాడు. ఆయన విధేయుడై మాస్కోకు సమీపంలోని సెర్గియేవ్ పొసాద్‌లో ఉన్న వేదాంత కళాశాలలో 1904లో చేరాడు. దేవుడు కొన్నిసార్లు మన ఆవేశానికి కాదు, మన విధేయతకు పని అప్పగిస్తాడు.

అక్కడే ఆయనకు నిజమైన గురువు దొరికాడు. పేరు ఇసిదోర్. వెట్టి రైతుల కుటుంబంలో పుట్టిన వృద్ధ సన్యాసి, పెద్ద చదువులేవీ లేనివాడు. తన దగ్గర ఏది ఉంటే అది పేదలకు ఇచ్చేసేవాడు. ఎవరు తలుపు తట్టినా చిరునవ్వుతో ఆహ్వానించి, ఉన్నదే వాళ్ల ముందు పెట్టేవాడు. అనంతాన్ని లెక్కలు కట్టిన యువకుడు ఆ ముసలాయన పాదాల దగ్గర కూర్చుని ప్రేమను నేర్చుకున్నాడు. 1908లో ఇసిదోర్ కన్నుమూశాక ఆయన జీవితాన్ని ఒక చిన్న పుస్తకంగా రాసి, మత్తయి సువార్త ఐదో అధ్యాయంలోని మాటను తీసుకుని దానికి లోకపు ఉప్పు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు.

విశ్వాసమంటే లోకాన్ని పట్టించుకోకపోవడం కాదని కూడా ఆయన చూపించాడు. 1906లో జార్ ప్రభుత్వం ష్మిట్ అనే నౌకాదళ అధికారిని తిరుగుబాటు నేరంపై కాల్చి చంపింది. ఇంకా విద్యార్థిగా ఉన్న ఫ్లోరెన్‌స్కీ కళాశాల చర్చిలోనే నిలబడి ఆ రక్తపాతాన్ని ఖండిస్తూ ప్రసంగించాడు. అందుకు కొద్ది రోజులు జైల్లో ఉండాల్సి వచ్చింది.

ఆ రోజుల్లోనే ఆయన మిత్రుడు నికొలాయ్ లూజిన్ చావు అంచున నిలబడి ఉన్నాడు. లూజిన్ కూడా గణితంలో దిట్ట. వీధుల్లో చలికి వణుకుతూ కడుపుకోసం ఒళ్లమ్ముకునే పేద స్త్రీలను చూసి అతని మనసు విరిగిపోయింది. ఇంత దుఃఖం ఉన్న లోకంలో లెక్కలు చేసుకుంటూ ఎలా బతకడమన్న ప్రశ్నకు అతను నేర్చిన భౌతికవాదంలో జవాబు దొరకలేదు. ఆత్మహత్య ఆలోచనలు చుట్టుముట్టాయి. ఫ్లోరెన్‌స్కీకి తన గోడు వెళ్లబోసుకుంటూ ఉత్తరాలు రాశాడు. ఫ్లోరెన్‌స్కీ అతన్ని వదల్లేదు. 1908లో తన వేదాంత రచనను చదవడానికి ఇచ్చాడు. అది లూజిన్‌ను మలుపు తిప్పింది. అతను బతికాడు, గణితంలోకి తిరిగి వచ్చాడు, ఇరవయ్యో శతాబ్దపు మేటి గణిత శాస్త్రవేత్తల్లో ఒకడైన కొల్మగోరొవ్ వంటి శిష్యులను తయారు చేశాడు. ఒక పుస్తకం, ఒక స్నేహం ఒక ప్రాణాన్ని నిలబెడితే, ఆ ప్రాణం ఒక తరానికే దీవెనగా మారింది.

ఆ రచనే పెరిగి పెద్దదై 1914లో అచ్చయింది. మొదటి తిమోతి పత్రిక 3:15లో పౌలు సంఘాన్ని వర్ణించిన మాటలే ఆ గ్రంథం పేరు: సత్యమునకు స్తంభము, ఆధారము. ఇందులో పన్నెండు ఉత్తరాలున్నాయి, అన్నీ ఒక మిత్రునికి రాసినట్టుగా ఉంటాయి. రచయిత తన సందేహాలను దాచుకోడు. సందేహపు అడుగుకంటా దిగి, అక్కడ నుంచి త్రియేక దేవుని ప్రేమలోకి ఎక్కి వస్తాడు. ఇక్కడ ఆయన గణితం అక్కరకొచ్చింది. భుజం ఒకటిగా ఉన్న చదరానికి కర్ణం గీయడం పిల్లవాడికైనా ఒక్క క్షణం పని. దాని పొడవును భిన్నంగా రాయబోతే మాత్రం ఎంత లెక్కించినా అంతు చిక్కదు. అంతమాత్రాన కర్ణం లేదంటామా? మనకు అలవాటైన అంకెలు చాలవని ఒప్పుకుని కొత్తరకం సంఖ్యను స్వీకరిస్తాం. త్రిత్వం కూడా బుద్ధికి విరుద్ధం కాదు, మన అలవాటైన బుద్ధికి పైనున్నదని ఆయన వివరించాడు. ఈ గ్రంథం 1997లో ఇంగ్లీషులో కూడా వెలువడింది.

ఆయన రాసిన ప్రతిదానితోనూ ప్రొటెస్టంట్లమైన మనం ఏకీభవించలేం. పటాల ఆరాధన విషయంలో ఆయన దారి వేరు. యేసు నామాన్ని మాటిమాటికీ జపించే రష్యా సన్యాసుల పక్షాన ఆయన నిలిచాడు. ప్రభువు మత్తయి 6:7లో చేసిన హెచ్చరికను మనం మరువకూడదు. అంతకన్నా బాధ కలిగించే సంగతి మరొకటుంది. 1913లో రష్యాలో ఒక నిరపరాధి అయిన యూదునిపై మోపిన హత్యా నేరం విచారణకు వచ్చినప్పుడు, యూదులపై ఆనాడు ప్రబలిన నీచమైన అపవాదుకు ఈ మేధావి కూడా వంతపాడాడు. ఎంత చదివినా, ఎంత ప్రార్థించినా, పక్షపాతమనే పురుగు గుండెలో దాగి ఉండగలదు. బైబిలు దావీదు పాపాన్ని దాచలేదు. మనమూ దీన్ని దాచనక్కరలేదు.

1910లో ఆయన ఆన్నాను పెళ్లాడాడు. 1911లో గురువుగా అభిషేకం పొందాడు. వారికి ఐదుగురు పిల్లలు. 1917 విప్లవం వచ్చాక పరిస్థితి తలకిందులైంది. చర్చిలు మూతపడ్డాయి, కళాశాల మూతపడింది. ఎందరో దేశం విడిచిపోయారు. ఆయన ఉండిపోయాడు. ప్రభుత్వానికి విద్యుత్ నిపుణులు కావాలి. ఆయన విద్యుత్ పరిశోధనా సంస్థలో చేరి, విద్యుత్తును నిరోధించే పదార్థాలపై 1924లో ప్రామాణిక గ్రంథం రాశాడు. అయితే దేవుడు లేడని చాటే ప్రభుత్వ కార్యాలయానికి కూడా గురువులు వేసుకునే నల్లని అంగీతోనే వెళ్లేవాడు. ఆ అంగీ తీసేస్తే చాలు, ఎంతో సుఖంగా బతికేవాడు. తీయలేదు.

ఏం జరగబోతోందో ఆయనకు ముందే తెలిసినట్టుంది. 1917లోనే పిల్లల కోసం ఒక వీలునామా రాయడం మొదలుపెట్టాడు. అందులో ఆస్తుల పంపకం లేదు. దేవుని సన్నిధిలో నడవమని, డబ్బు కోసం పేరు కోసం పరుగెత్తవద్దని, మనసు బరువెక్కినప్పుడు ఆరుబయటికి వెళ్లి నక్షత్రాలను చూడమని చెప్పాడు.

1928లో ఆయన్ని నిజ్నీ నొవ్‌గొరొద్‌కు వెళ్లగొట్టారు. రచయిత గోర్కీ భార్య ఎకతెరీనా పేష్కొవా పూనుకోవడంతో తిరిగి రాగలిగాడు. 1933 ఫిబ్రవరిలో మళ్లీ అరెస్టు చేశారు. లేని ఒక కుట్రను అల్లి, అందులో ఆయన ఉన్నాడన్నారు. తాను ఒప్పుకుంటే మరికొందరు విడుదలవుతారన్న ఆశతో, చేయని నేరాన్ని నెత్తిన వేసుకున్నాడని చరిత్రకారులు చెబుతారు. పదేళ్ల శిక్ష పడింది. ఆయన ప్రాణంగా చూసుకున్న పుస్తకాలను పట్టుకుపోయారు. ఆ నష్టం ఆయన్ని ఎంతగానో కుంగదీసింది.

ముందు తూర్పు సైబీరియా దిక్కున స్కొవొరొదినొకు పంపారు. అక్కడ ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉండే నేల గురించి పరిశోధించాడు. 1934 వేసవిలో ఆన్నా ముగ్గురు చిన్నపిల్లలను తీసుకుని అంతదూరం వచ్చి ఆయన్ని చూసింది. కుటుంబంతో సహా చెకొస్లొవేకియాకు వెళ్లిపోయే అవకాశం అప్పుడే వచ్చింది. భార్యాపిల్లలు కళ్లెదుట ఉన్నారు, విడుదల చేతికందేంత దూరంలో ఉంది. ఆయన వద్దన్నాడు. ఉన్న స్థితిలోనే తృప్తి కలిగి ఉండాలని ఫిలిప్పీ పత్రికలో పౌలు నేర్పిన పాఠాన్నే కారణంగా చెప్పాడు. భార్యాపిల్లలను ఆయన మళ్లీ చూడలేదు.

ఆ ఏడాదే ఆయన్ని ఉత్తరాన తెల్ల సముద్రంలోని సొలొవ్కి దీవికి తరలించారు. ఒకనాడు సన్యాసుల ప్రార్థనలతో మారుమోగిన ఆ మఠాన్ని ప్రభుత్వం చెరసాలగా మార్చింది. అక్కడ సముద్రపు నాచు నుంచి అయోడిన్, అగర్ తీసే పద్ధతులు కనిపెట్టాడు. ఆ చలిలో, ఆకలిలో ఇంటికి ఉత్తరాలు రాసేవాడు. వాటిలో పిల్లల చదువు గురించి, సంగీతం గురించి, మొక్కల గురించి రాశాడు. చిన్న కొడుకు కోసం ఒక పెద్ద కవితే అల్లాడు. తనకు జరుగుతున్న అన్యాయం కన్నా పిల్లల మనసులు ఎండిపోకూడదన్నదే ఆయన ఆరాటం.

1937లో ఉత్తరాలు ఆగిపోయాయి. నవంబర్ 25న ముగ్గురు సభ్యుల ప్రత్యేక సంఘం మరణశిక్ష వేసింది. డిసెంబర్ 8న లెనిన్‌గ్రాడ్ ప్రాంతంలో ఆయన్ని కాల్చి చంపారు. అప్పటికి ఆయన వయసు 55 ఏళ్లు. 1950లలో ప్రభుత్వమే ఆయన నిర్దోషి అని ఒప్పుకుంది. కానీ ఆయన 1943లో చనిపోయినట్టు కుటుంబానికి దొంగ పత్రం ఇచ్చింది. అసలు తేదీ 1989లో గానీ బయటికి రాలేదు. ఆన్నా అంతకు ఎన్నో ఏళ్ల ముందే, భర్త ఎప్పుడు, ఎలా చనిపోయాడో తెలియకుండానే కన్నుమూసింది.

పుస్తకాలను పట్టుకుపోయారు, మనిషిని చంపేశారు. దేవుడు లేడని శాసించిన ఆ ప్రభుత్వం 1991లో కూలిపోయింది. ఫ్లోరెన్‌స్కీ పుస్తకాలు మాత్రం దేశదేశాల్లో చదువుతున్నారు.

పూర్ణ హృదయంతో, పూర్ణ ఆత్మతో పాటు పూర్ణ మనసుతోనూ దేవుణ్ణి ప్రేమించమని ప్రభువు చెప్పింది మత్తయి 22లో ఉంది. చదువు దేవునికి శత్రువు కాదు, గర్వం శత్రువు. అనంతం గురించి రాసిన మనిషే చదువు లేని ఇసిదోర్ పాదాల దగ్గర కూర్చోగలిగాడు. మీ ఇంట్లో లెక్కలు బాగా చేసే బిడ్డ ఉంటే భయపడకండి, ఆ తెలివి ఇచ్చిన దేవునికి స్తోత్రం చెప్పండి. ఆ బిడ్డ సందేహాలు అడిగితే కసురుకోకండి, కూర్చుని వినండి. లూజిన్‌లా లోలోపల చచ్చిపోతున్న మిత్రుడు మీ కాలేజీలోనో, ఆఫీసులోనో ఉండవచ్చు. అతనికి ఒక మంచి పుస్తకం, ఒక ఉత్తరం, ఒక గంట సమయం ఇవ్వగలమా? ఇక మనల్ని లోకం గుర్తించకుండా ఉండేందుకు మనం విప్పి దాచేసిన అంగీ ఏదైనా ఉందా? ఈ ఆదివారం దేవుని సన్నిధిలో ఆ ప్రశ్న వేసుకుందాం.