చీపురు నుంచి స్ట్రాటోకాస్టర్ దాకా: జిమీ హెండ్రిక్స్, కాలిన గిటార్ల కథ

2008 సెప్టెంబరులో లండన్‌లో ఒక కాలిన గిటారు వేలానికి వచ్చింది. 1965లో తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ అది. 1967 మార్చి 31న లండన్‌లోని ఫిన్స్‌బరీ పార్క్ ఆస్టోరియా థియేటర్ వేదిక మీద దానికి జిమీ హెండ్రిక్స్ నిప్పంటించాడు. తర్వాత అది దశాబ్దాల పాటు ఒక ఇంటి గరాజ్‌లో పడి ఉంది. వేలంలో 2,80,000 పౌండ్లకు అమ్ముడుపోయింది. మామూలుగా పాత గిటారు మీద గీత పడినా ధర తగ్గుతుంది. ఈ గిటారుకు మాత్రం కాలిన మచ్చల వల్లే ఆ ధర పలికింది.

ఆ మచ్చలు చేసిన మనిషి బడికి వెళ్లే రోజుల్లో గిటారు లేక చీపురు పట్టుకుని తిరిగాడు. అతని గిటార్లను ఎంత జాగ్రత్తగా దాచారో, బాగుచేశారో లోకానికి తెలుసు. అతని జీవితాన్ని మాత్రం మచ్చలు చెరిపేసి, కొత్త రంగు వేసి మనకు అందించారు. నల్లజాతి చరిత్ర చదివే మనం ఆ రంగు కింద ఏముందో చూడాలి.

సియాటిల్‌లో చీపురు

హెండ్రిక్స్ 1942 నవంబరు 27న అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. అతని తాత రాస్ హెండ్రిక్స్ 1866లో, అంటే బానిసత్వం చట్టపరంగా రద్దయిన మరుసటి ఏడాది పుట్టినవాడు. నానమ్మ నోరా ఊరూరా తిరిగే నాటక బృందంలో నర్తకి. తండ్రి ఆల్ తోటపని, కూలిపని చేసి బతికాడు. కొడుకు పుట్టినప్పుడు అతను సైన్యంలో ఉన్నాడు. తల్లి లూసిల్‌కి అప్పటికి 17 ఏళ్లు.

సియాటిల్‌లో నల్లవాళ్లు ఎక్కడ పడితే అక్కడ ఇల్లు కొనడానికి లేదు. ఇళ్ల పత్రాల్లోనే తెల్లవాళ్లకు తప్ప అమ్మకూడదని రాసుకునేవారు. అందరికీ ఇళ్లు అద్దెకివ్వాలి, అమ్మాలి అనే ప్రతిపాదనను 1964లో నగర ఓటర్లు ఓడించారు. 1968లో గానీ ఆ చట్టం రాలేదు. ఊరి బయట వాడలు కట్టిన దేశం మనది. అక్కడ ఊరి మధ్యలోనే ఒక వాడను గిరి గీసి ఉంచారు. సెంట్రల్ డిస్ట్రిక్ట్ అనే ఆ వాడలోనే జిమీ పెరిగాడు.

ఇంట్లో పేదరికం, తాగుడు, గొడవలు. 1951లో తల్లిదండ్రులు విడిపోయారు. తోబుట్టువుల్లో కొందరు పరాయి ఇళ్లకు వెళ్లిపోయారు. 1958లో తల్లి చనిపోయింది. ఆ రోజుల్లో జిమీ చేతిలో ఎప్పుడూ ఒక చీపురు ఉండేది. దాన్నే గిటారులా పట్టుకుని వాయిస్తున్నట్టు వేళ్లాడించేవాడు. అది చూసిన పాఠశాల సామాజిక కార్యకర్త ఒకరు ఈ పిల్లవాడికి గిటారు కొనివ్వడానికి డబ్బు మంజూరు చేయమని అడిగారు. మంజూరు కాలేదు.

చీపురు అనగానే మనకు వేరే చరిత్ర గుర్తొస్తుంది. పీష్వాల పుణెలో అంటరానివాళ్లు నడిచిన అడుగుజాడలు చెరిగిపోవడానికి నడుముకు చీపురు కట్టుకుని తిరగాల్సి వచ్చిందని అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’లో రాశారు. ఒకచోట మనిషి జాడను చెరిపేసిన వస్తువు, ఇంకోచోట ఒక పిల్లవాడి చేతిలో వాద్యమైంది. రెండు చరిత్రలూ ఒకటి కావు. కానీ చేతికి ఏది ఇవ్వాలో, ఏది ఇవ్వకూడదో పైవాళ్లే నిర్ణయించే పద్ధతి రెండు చోట్లా ఉంది.

1957లో తండ్రితో కలిసి ఒక ఇంట్లో చెత్త ఎత్తిపోస్తుండగా జిమీకి ఒక యుకలేలీ దొరికింది. దానికి ఒక్కటే తీగ. ఆ తీగ మీదే పాటలు పట్టుకున్నాడు. ఏడాది తర్వాత ఐదు డాలర్ల పాత గిటారు చేతికొచ్చింది. 1959లో తండ్రి మొదటి ఎలక్ట్రిక్ గిటారు కొనిచ్చాడు. ఒక రాత్రి క్లబ్బులో వేదిక వెనక వదిలి వస్తే అది దొంగల పాలైంది.

తన చేతికి చేయని వాద్యం

జిమీది ఎడమచేతి వాటం. ఎడమచేతి గిటార్లు అరుదు. అందుకే కుడిచేతి గిటారునే తలకిందులుగా తిప్పి పట్టుకున్నాడు. వినడానికి తేలికే గానీ అది వాద్యాన్నే మార్చే పని. తిప్పితే లావు తీగ కిందికి, సన్న తీగ పైకి వస్తాయి. కాబట్టి తీగలన్నీ ఊడదీసి తిరగేసి కట్టాలి. మెడ పైభాగంలో తీగలు కూర్చునే చిన్న పట్టీని నట్ అంటారు. అందులో గాడులు తీగల లావును బట్టి కోసి ఉంటాయి. దాన్నీ మార్చాలి. భుజాన వేసుకునే పట్టీ తగిలించే గుండీకి గిటారు రెండో కొమ్ములో కొత్త రంధ్రం చేయాలి.

దీనివల్ల ధ్వనీ మారింది. స్ట్రాటోకాస్టర్‌లో తీగల కింద మూడు పికప్‌లు ఉంటాయి. ఒక్కో పికప్‌లో అయస్కాంతాల చుట్టూ సన్నని రాగితీగను వేల చుట్లు చుడతారు. తీగ కదిలితే ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. స్పీకరులో మనం వినేది దాన్నే. బ్రిడ్జి పక్కన ఉండే పికప్‌ను ఏటవాలుగా బిగిస్తారు. గిటారు తిప్పి పట్టుకుంటే ఆ వాలు తీగలకు ఎదురు దిక్కున పడుతుంది. సన్న తీగల పదును తగ్గి, లావు తీగలకు బిగువు వస్తుంది. తన కోసం తయారు కాని వస్తువును తన చేతికి ఒప్పించుకోవడంలోంచి కొంత ఆ ధ్వని పుట్టింది.

ఆ రాగితీగ చుట్టిన చేతులనూ గుర్తుపెట్టుకోవాలి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో ఉన్న ఫెండర్ కర్మాగారంలో ఆ పని చేసినవాళ్లలో మెక్సికన్ మూలాల శ్రామిక మహిళలు ఉన్నారు. 1956లో అక్కడ చేరిన అబిగేల్ యబారా చుట్టిన పికప్‌ల కోసం తర్వాతి కాలంలో సేకరణకర్తలు ఎగబడ్డారు. వాటిని చుట్టిన కాలంలో మాత్రం ఆమె ఒక కార్మికురాలు. కంపెనీని 1965లో 1.3 కోట్ల డాలర్లకు అమ్మారు.

ఒక డాలరు ఒప్పందం

1961లో దొంగిలించిన కార్లలో తిరిగాడని పోలీసులు జిమీని పట్టుకున్నారు. జైలా, సైన్యమా అన్న పరిస్థితి వచ్చింది. 101వ ఎయిర్‌బోర్న్ దళంలో చేరి, 1962లో బయటికొచ్చాడు. ఆ తర్వాత నాలుగేళ్లు ‘చిట్లిన్ సర్క్యూట్’ అనే క్లబ్బుల వరుసలో తిరిగాడు. వేర్పాటు పాటించే దక్షిణాదిలో నల్ల కళాకారులు, నల్ల ప్రేక్షకుల ముందు, భద్రంగా ప్రదర్శన ఇవ్వగల చోట్లు అవి. ఐస్లీ బ్రదర్స్, లిటిల్ రిచర్డ్ వంటి వాళ్ల వెనక నిలబడి గిటారు వాయించాడు. అతనికి శిక్షణ దొరికింది ఈ బడిలోనే. ప్రచారంలో ఉన్న కథలు చాలావరకు ఈ నాలుగేళ్లను రెండు వాక్యాల్లో దాటేసి లండన్‌కు వెళ్లిపోతాయి.

1965లో అతను న్యూయార్క్‌లో ఒక నిర్మాతతో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. ప్రతిఫలం ఒక డాలరు, అమ్మకాల్లో ఒక శాతం. పేరొచ్చాక ఆ కాగితమే మెడకు చుట్టుకుంది. దావా తీర్చుకోవడానికి 1970లో ‘బ్యాండ్ ఆఫ్ జిప్సీస్’ ఆల్బమ్‌ను అవతలి పక్షానికి అప్పగించాల్సి వచ్చింది. వెట్టి అంటే ఏమిటో తెలిసిన మనకు ఈ ఒప్పందాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

మంట, దాని వెనక

1966 సెప్టెంబరు 24న అతను లండన్‌లో దిగాడు. కొన్ని నెలల్లోనే అక్కడి పేరున్న గిటారిస్టులంతా అతన్ని చూడటానికి వచ్చారు. పత్రికలు పొగుడుతూనే అడవి మనిషి అని వెక్కిరించాయి. ఆస్టోరియాలో గిటారు తగలబెట్టే ఆలోచన ఒక పాత్రికేయుడిది. 1967 జూన్ 18న కాలిఫోర్నియాలోని మాంటెరీ ఉత్సవంలో తన చేత్తో రంగులు వేసుకున్న గిటారుకు నిప్పంటించి, పగలగొట్టి, ముక్కలు జనంలోకి విసిరాడు. అమెరికా మొత్తం అతన్ని అప్పుడే గుర్తించింది. ఒక తెల్ల విమర్శకుడు మాత్రం ఇతను తెల్లవాళ్లను మెప్పించే నల్లవాడని తీసిపారేశాడు. నల్లవాడు ఊరుకుంటే లొంగిపోయాడంటారు, చెలరేగితే అడవి మనిషంటారు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. మర్నాడు హెండ్రిక్స్ ప్రదర్శన న్యూవార్క్‌లో. అంతకు ముందు ఏడాది జూలైలో పోలీసు దాష్టీకం మీద జరిగిన తిరుగుబాటులో 26 మంది చనిపోయిన ఊరది. అయినా అతను వాయించాడు. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్‌లో అమెరికా జాతీయ గీతాన్ని గిటారు మీద వాయించాడు. మధ్యలో తీగల్లోంచి బాంబుల మోత, సైరన్ల అరుపు వినిపించాయి. అది అందరికీ తెలిసిన ఘట్టం. మూడు వారాలు తిరక్కముందే, సెప్టెంబరు 5న, హార్లెం నల్లవాడ వీధిలో స్థానిక సంఘం కోసం అతను వాయించాడు. మొదట్లో కొందరు గుడ్లు విసిరారు. నిలబడి వాయిస్తూనే ఉన్నాడు. ఈ ఘట్టం చాలామందికి తెలియదు.

అదే ఏడాది డిసెంబరు 31న మొదలైన ప్రదర్శనల్లో బిల్లీ కాక్స్, బడ్డీ మైల్స్‌తో కలిసి వేదికెక్కాడు. ముగ్గురూ నల్లవాళ్లే. ‘మెషిన్ గన్’ అనే పాటను అమెరికా నగరాల్లో పోరాడుతున్నవాళ్లకూ, వియత్నాంలోని సైనికులకూ కలిపి అంకితమిచ్చాడు. 1970 ఆగస్టులో న్యూయార్క్‌లో సొంత స్టూడియో తెరిచాడు. సెప్టెంబరు 18న లండన్‌లో, 27 ఏళ్ల వయసులో, నిద్రమాత్రలు ఎక్కువై చనిపోయాడు. వీలునామా లేదు. సంగీతం హక్కులు చాలా చేతులు మారాయి. న్యాయపోరాటం తర్వాత 1995లో గానీ అవి తండ్రి చేతికి తిరిగి రాలేదు.

బాగుచేయడమంటే

అతను కాల్చిన గిటార్లలో ఒకటి సంగీతకారుడు ఫ్రాంక్ జాప్పా దగ్గరికి చేరింది. మయామిలో కాలిందని అతను చెప్పేవాడు. కొన్నాళ్లు గోడకు వేలాడదీశాడు. తర్వాత కొత్త మెడ వేయించి, లోపలి వైరింగ్ మార్పించి, వాయించే స్థితికి తెచ్చాడు. 1976లో వచ్చిన తన ‘జూట్ అల్యూర్స్’ ఆల్బమ్‌లో వాడాడు. కాలిన ఒళ్లును మాత్రం అలాగే ఉంచాడు.

ఈ పనిలో మంచి చెయ్యి ఉన్నవాళ్లు ఇలాగే చేస్తారు. కాలిన గిటారు వస్తే ముందు ప్రతి మచ్చనూ ఫొటో తీసి రాసుకుంటారు. బొగ్గు ఎంత లోతుకు వెళ్లిందో, కింద కొయ్య గట్టిగా ఉందో లేదో చూస్తారు. పికప్‌లకు మీటరు పెట్టి చుట్టలో తీగ తెగిందేమో పరీక్షిస్తారు. తెగితే పాత అయస్కాంతాలు ఉంచి తీగ మళ్లీ చుడతారు. వేడికి ఊడిన అతుకులు మళ్లీ సోల్డర్ చేస్తారు. పని చేయనిదాన్నే మారుస్తారు. తీసిన ముక్కను పారేయకుండా దాస్తారు.

పని తెలియనివాళ్లు గిటారును కొత్తదానిలా చేస్తారు. బొగ్గు గీకి, రంగు కొట్టి, రెండో కొమ్ములోని రంధ్రాన్ని పూడ్చి, నట్‌ను మామూలు దిక్కుకు తిప్పుతారు. గిటారు మెరుస్తుంది. కానీ దాన్ని ఎడమచేతి మనిషి వాయించాడనే సాక్ష్యం పోతుంది. ఆ చిన్న రంధ్రం పూడితే హెండ్రిక్స్ అందులో ఉండడు.

అతని జీవితానికి జరిగింది అదే. చీపురు, చెత్తలో దొరికిన ఒంటితీగ వాద్యం, నల్ల క్లబ్బుల శిక్షణ, ఒక డాలరు ఒప్పందం, న్యూవార్క్, హార్లెం: ఇవన్నీ పూడ్చేసి, రంగూ జాతీ లేని మేధావిని తయారుచేశారు. రెంటన్‌లో అతని సమాధి మీద మొదట పెట్టిన రాతిపై స్ట్రాటోకాస్టర్ బొమ్మ చెక్కారు. అతను తిప్పి పట్టుకున్నట్టు కాక, కుడిచేతి వాళ్లు పట్టుకునే తీరులోనే చెక్కారు. అభిమానంతోనే చేసి ఉంటారు. అయినా బతికినంతకాలం అతను తిప్పుకున్న వాద్యాన్ని చనిపోయాక మళ్లీ అందరిలాగే తిప్పేశారు.

ఈ పని మన దగ్గరా జరుగుతోంది. కచేరీలో మృదంగ విద్వాంసుడి పేరు మనకు తెలుసు. ఆ చర్మం శుద్ధి చేసి, సాగదీసి, మూసిన చేతులు ఎవరివో కార్యక్రమ పత్రంలో ఉండదు. డప్పు ‘జానపద కళ’గా ప్రభుత్వ వేదికల మీదికి వచ్చింది. చావుకు కొట్టించుకుని కూలి ఎగ్గొట్టిన చరిత్ర, 1994లో అదే డప్పు మాదిగ దండోరాగా మోగిన చరిత్ర ఆ వేదికల మీద వినపడవు. మన కళాకారుల జీవితాలు రాస్తున్న విద్యార్థులు, కార్యకర్తలు ఆ గిటారు మేస్త్రీల పద్ధతిని పట్టుకోవచ్చు. పాడైనది సరిచేయాలి, తెగిన తీగ కలపాలి, మళ్లీ మోగేలా చేయాలి. కాలిన చోటును మాత్రం కాలినట్టే ఉంచాలి. ఎవరు కాల్చారో, ఎందుకు కాలిందో చెప్పే సాక్ష్యం అక్కడే ఉంటుంది.